లాటిన్ విభక్తులు: పట్టికలు నోటికొచ్చినా వాక్యంలో తప్పులెందుకు?

ప్రశ్న:
ఐదు డిక్లెన్షన్ల (విభక్తి రూపాలు మారే తీరును బట్టి లాటిన్ నామాల వర్గాలు) పట్టికలూ అప్పజెప్పగలను. వాక్యం రాయమంటే మాత్రం తప్పులే. ద్వితీయకు అక్యూజటివ్ (కర్మను చెప్పే విభక్తి), తృతీయకు అబ్లేటివ్ ('చేత', 'నుంచి' లాంటి అర్థాల విభక్తి), 'కు' కనిపిస్తే డేటివ్ ('ఎవరికి' అన్నది చెప్పే విభక్తి) అని జతలు కట్టుకున్నాను. లోపం ఎక్కడుంది? విశేషణాలు కూడా కుదరడం లేదు.

జవాబు 1:
లోపం ఆ జతల్లోనే ఉందండి. ప్రత్యయాన్ని కాదు, ఆ మాట వాక్యంలో చేసే పనిని చూడాలి.

'ఆమె పుస్తకం చదువుతోంది' అంటాం. పుస్తకం కర్మే అయినా ప్రాణం లేనిది కాబట్టి 'ను' చేర్చం. ఆ అలవాటుకొద్దీ లాటిన్‌లోనూ 'లిబెర్' అని వదిలేస్తారు. అక్కడ మాత్రం 'లిబ్రుమ్ లెగిత్' అనాల్సిందే.

'కు' ఇంకా ఇబ్బంది పెడుతుంది. 'అమ్మాయికి' ఇస్తే డేటివ్, 'పుయెల్లై'. 'రోముకు' వెళ్తే అక్యూజటివ్, 'రోమమ్'. ఊరి పేరు కాబట్టి ఒంటరిగా నిలుస్తుంది; మామూలు నామమైతే ముందు 'అద్' కావాలి. 'నాకు పుస్తకం ఉంది' మాత్రం అచ్చం మనలాగే: 'మిహి లిబెర్ ఎస్త్'. ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటే ఈ పోలిక కంటపడదు.

'చేత' కూడా రెండు దారులు. కత్తిచేత చంపబడితే ఉత్త అబ్లేటివ్, 'గ్లదియో'. సైనికుడిచేత అయితే ముందు 'ఆ' చేరాలి, 'ఆ మీలితె'. సాధనానికి ప్రిపొజిషన్ ఉండదు, చేసిన మనిషికి ఉంటుంది.

జవాబు 2:
నామాన్ని ఎప్పుడూ జెనిటివ్‌తో ('యొక్క' అర్థమిచ్చే రూపం) కలిపే బట్టీపట్టండి. సెర్వుస్, మనుస్, తెంపుస్ మూడూ ఒకేలా ముగుస్తాయి. జెనిటివ్‌లు సెర్వీ, మనూస్, తెంపొరిస్. అంటే వరసగా రెండు, నాలుగు, మూడో డిక్లెన్షన్లు. తెంపుస్ నపుంసకం, కనుక దాని అక్యూజటివ్ కూడా తెంపుసే.

విశేషణం నామంతో లింగ, వచన, విభక్తుల్లో కలవాలి. చివరి అక్షరాలు కలవనక్కర్లేదు. అగ్రికొల అంటే రైతు, పుంలింగం. కాబట్టి మంచి రైతు 'అగ్రికొల బొనుస్'; స్త్రీలింగ రూపం 'బొన' అంటే తప్పు.

ప్రశ్న వేసినవారు:
'పుయెల్లై రొసమ్ దత్'లో పుయెల్లై బహువచన కర్త ఎందుకు కాకూడదు?

జవాబు 1:
దత్ ఏకవచన క్రియ, అందుకని కర్త కాదు. రొసమ్ అక్యూజటివ్, ఇచ్చే వస్తువు అదే. ఇక 'ఎవరికి?' అన్నది మిగిలింది. అందుకే డేటివ్: 'అమ్మాయికి గులాబీ ఇస్తాడు'. ముందు క్రియ వచనం, తర్వాత ఆ క్రియ అడిగే కారకాలు (ఎవరు, దేన్ని, ఎవరికి). పట్టిక తిరగేయడం ఆ తర్వాతే.