ఫోరెన్సిక్ సైకాలజీలో టీచింగ్, రీసెర్చ్ వైపు వెళ్లాలంటే?

ఓరుగల్లు అమ్మాయి: ఎం.ఏ. సైకాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. నేరస్థుల మనసు చదవడమంటే ఆసక్తి. పీహెచ్‌డీ చేసి లెక్చరర్‌గా ఉంటూ కేసుల్లోనూ పని చేయొచ్చా? ‘ఉద్యోగం ఎక్కడొస్తుంది?’ అని ఇంట్లో అడుగుతుంటే టెన్షన్‌గా ఉంది.

గాంధీనగర్ పూర్వ విద్యార్థి: నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో ఈ కోర్సు ఉంది. కానీ పాలీగ్రాఫ్ (అబద్ధాలు పట్టే యంత్ర పరీక్ష), నార్కో (మందు ఇచ్చి మగతలో ప్రశ్నించడం) మీద మోజుతో రావొద్దండి. మనిషి ఒప్పుకోకుండా అవి చేయకూడదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది.

సైకాలజీ మేడమ్: అమ్మా, కోర్టు మనల్ని పిలిచేది మనసు చదవమని కాదు. నేను యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ, నేరారోపణ ఉన్న మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు అడిగినప్పుడు వెళ్తుంటాను. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలోని 15వ సెక్షన్ చదువు. పదహారు నిండిన పిల్లవాడి మీద ఘోర నేరం మోపితే, అది చేయగల మానసిక, శారీరక సామర్థ్యం వాడికి ఉందా, పర్యవసానం అర్థమయ్యే స్థితిలో ఉన్నాడా అన్నది బోర్డు చూడాలి. వాడిని పెద్దవాడిగా విచారించాలా వద్దా అన్నదానికి అదే తొలి మెట్టు; బోర్డు కేసు పంపితే చివరికి తేల్చేది చిల్డ్రన్స్ కోర్టు. బోర్డులో పిల్లల మానసిక నిపుణులు లేకపోతే బయటి నిపుణుల సాయం తీసుకోవాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

కొందరు ఐక్యూ పరీక్ష పెట్టి, ఒక అంకె వేసి సంతకం పెట్టేస్తారు. నేను దీన్ని అస్సలు ఒప్పుకోను. స్నేహితులు పక్కనుండి ఎగదోస్తుంటే ఆ రాత్రి వాడు ఎంతవరకు ఆలోచించగలిగాడో ఆ అంకె చెప్పదు. పైగా మనం చూసేసరికి వారాలు గడిచిపోతాయి, వాడు జువెనైల్ హోమ్‌లో బిక్కుబిక్కుమంటూ ఉంటాడు. తెలుగు పల్లెల్లో పెరిగిన పిల్లలకు సరిపోయే పరీక్షలు, ప్రశ్నలు అడిగే పద్ధతులు తయారు చేయాలి. ఆ పని మనలాంటి పరిశోధకులే చేయాలి. నీ పీహెచ్‌డీ దీని మీదే ఎందుకు చేయకూడదు?

ఓరుగల్లు అమ్మాయి: తప్పకుండా ఆలోచిస్తాను మేడమ్. మరి క్లినికల్ కూడా చేయాలా?

సైకాలజీ మేడమ్: పాఠాలు చెప్పడానికి అక్కర్లేదు. లెక్చరర్ అర్హత పరీక్ష నెట్‌ను సైకాలజీలో రాయి, ఫోరెన్సిక్ సైన్స్ పేపర్ వేరు. పిల్లలను పరీక్షించి రిపోర్టు ఇవ్వాలనుకుంటే మాత్రం ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపున్న క్లినికల్ కోర్సు చెయ్యి. సాక్ష్యానికి నిలబడితే లాయర్ ముందు అడిగేది నీ అర్హతే. ఈలోగా వీలైనప్పుడు సెషన్స్ కోర్టులో కూర్చుని క్రాస్ ఎగ్జామినేషన్ విను. పోక్సో కేసులకు బయటివాళ్లను రానివ్వరు, మిగతావాటికి మామూలుగా అభ్యంతరం ఉండదు.