అప్‌డేట్: మార్చిలో డబ్లిన్‌లో స్నో పడే ఛాన్స్ ఉందా అని అడిగాను కదా

ఫిబ్రవరి అయిపోయింది, ఇంక ఆశ వదులుకోవాలా అని పోయిన వారం అడిగాను. చాలామంది 2018ని గుర్తుచేశారు. నిజమే, ఆ ఏడాది భారీగా మంచు కురిసింది ఫిబ్రవరి చివర్లో, మార్చి మొదట్లోనే. సైబీరియా వైపు నుంచి చలిగాలి వచ్చి కూర్చుంది, దక్షిణం నుంచి ఎమ్మా తుఫాను వచ్చి దానికి తగిలింది. ఐర్లాండ్ వాతావరణ శాఖ మెట్ ఏరన్ రెడ్ వార్నింగ్ ఇచ్చింది.

ఈసారి అంత జరగలేదు. గాలి ఒక్క రాత్రే తూర్పుకి తిరిగింది. ఇక్కడ అసలు కిటుకు అదే: పడమటి గాలి అట్లాంటిక్ మీంచి వానే తెస్తుంది, తూర్పు గాలి బాగా చల్లగా ఉంటే ఐరిష్ సముద్రం మీద తేమ పట్టుకుని మన తీరాన మంచుగా దించుతుంది. మా వీధిలో వాన, మంచు కలిసి పడి, నేల తాకగానే కరిగిపోయింది. మనసు ఊరుకోక పొద్దున్నే డబ్లిన్‌కి దక్షిణాన విక్లో కొండల్లో ఉన్న శాలీ గ్యాప్ కనుమకి వెళ్లాను. అక్కడ పొదల మీద రెండు వేళ్ల మందాన మంచు! నల్ల గ్లౌజు మీద సగ్గుబియ్యంలా గింజలు రాలి, కాసేపు అలాగే నిలిచాయి. ఎంత ఆనందమేసిందో!

తూర్పు గాలి మళ్లీ తిరుగుతుందేమోనని రోజూ వాతావరణ చార్టులు చూస్తున్నాను. మీకేమైనా కనిపిస్తే చెప్పండి.