45 వేల లోపు ఆటోమేటిక్ ఎస్ప్రెస్సో యంత్రం: ఇంటికి కొనడం సబబేనా?

మియాపూర్ వాసి:
మా ఇంట్లో కాఫీ తాగేవాళ్ళం నలుగురం, నలుగురివీ నాలుగు వేళలు. మీట నొక్కగానే గింజలు తానే పొడి చేసి కప్పులోకి ఎస్ప్రెస్సో (వేడినీటిని ఒత్తిడితో పొడిలోంచి పంపి తీసే చిక్కటి కాఫీ) దించే ఆటోమేటిక్ యంత్రం 45,000 రూపాయల లోపు కొందామనుకుంటున్నాను. ఆ సొమ్ముతో చేత్తో నడిపే యంత్రం, విడిగా ఒక గ్రైండరు కొనడమే మేలని మా మిత్రుడు వాదిస్తున్నాడు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పద్మారావునగర్ కాఫీదాసు:
మీ మిత్రుడి మాటే సరైనది. చేతి యంత్రంలో 18 గ్రాముల పొడి వేసి, 25 నుంచి 30 సెకన్లలో 36 గ్రాముల కాఫీ దించితే వచ్చే చిక్కదనం, అంతకంటే చాలా తక్కువ పొడి పట్టే ఈ చవక ఆటోమేటిక్ యంత్రాలకు రాదు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే 15 బార్ల ఒత్తిడిని (బార్ అంటే ఒత్తిడి కొలత) చూసి మోసపోకండి. అది పంపు గరిష్ఠ సామర్థ్యం మాత్రమే, ఎస్ప్రెస్సో దిగడానికి 9 బార్లు చాలు.

మల్కాజిగిరి మాస్టారు:
కాఫీదాసు గారు రుచి గురించి చెప్పినదాన్ని కాదనను. అయితే ఉదయం ఆరింటికి పొడి తూచి, అదిమి, గడియారం చూస్తూ నలుగురికి నాలుగుసార్లు ఆ పని చేసేదెవరో కూడా ఆయన చెప్పి ఉంటే బాగుండేది. మూడేళ్ళుగా ఆటోమేటిక్ యంత్రం వాడుతున్న నా అనుభవంలో దానికి అసలు శత్రువు మన నీళ్ళు. మొదటి ఏడాది బోరు నీళ్ళే పోశాను. పంపు మూలగడం మొదలై, కప్పు నిండడానికి రెండు నిమిషాలు పట్టే స్థితి వచ్చాక సర్వీసు వాళ్ళు తెరిచి చూపిస్తే, నీళ్ళు వేడెక్కే చోట ఇడ్లీ పాత్ర అడుగున పట్టినట్టే తెల్లటి గార మందంగా పేరుకుని ఉంది. గార వల్ల పాడైతే వారంటీ వర్తించదని అప్పుడు తెలిసింది! నీటి కఠినత చూసేందుకు యంత్రంతో పాటు ఇచ్చిన పరీక్ష కాగితాన్ని మా బోరు నీటిలో ముంచితే నాలుగు గళ్ళూ ఎర్రబడ్డాయి, అంటే నీళ్ళు బాగా కఠినం; ఆ పని మొదటి రోజే చేసి ఉండవలసింది. ఇప్పుడు మంచినీళ్ళ కుళాయి నీరు వడగట్టి పోస్తున్నాను, గార తీయమని యంత్రం మీద దీపం వెలిగిన ప్రతిసారీ వాయిదా వేయకుండా గార తీస్తున్నాను.

రెండో మాట, లోపల పొడిని అదిమే భాగాన్ని బయటికి తీసి కడగగలిగే యంత్రమే కొనండి. ఒకసారి సంక్రాంతికి పిప్పి డబ్బా ఖాళీ చేయకుండా ఊరెళ్ళి, వారం తరువాత యంత్రం తలుపు తెరిస్తే లోపలంతా ఆకుపచ్చ బూజు. కాఫీ పల్చగా దిగుతోందనిపిస్తే గ్రైండరును ఒక్కో గీత చొప్పున మెత్తదనం వైపు తిప్పండి, అదీ గింజలు నలుగుతుండగా మాత్రమే. కంపెనీ పెట్టి పంపిన గీత దగ్గరే వదిలేసి రుచి లేదనేవారే ఎక్కువ.

నల్లకుంట గృహిణి:
మా అత్తగారికి చికోరీ కలిసిన ఫిల్టర్ కాఫీయే కావాలి. ఆ పొడి ఇందులో వేయవచ్చా?

మల్కాజిగిరి మాస్టారు:
వద్దమ్మా. చికోరీ నీళ్ళు తగలగానే జిగటగా మారి దారి మూసేస్తుంది. నూనె తేలేలా నల్లగా వేయించిన గింజలదీ అదే గొడవ. మధ్యస్థంగా వేయించిన అరకు గింజలతో నాకు ఇబ్బంది రాలేదు. అత్తగారికి ఇత్తడి ఫిల్టరే ఉంచండి.

పద్మారావునగర్ కాఫీదాసు:
నలుగురు నాలుగు వేళల్లో తాగే ఇంటికి ఆటోమేటిక్ తగునని ఒప్పుకుంటాను. ఒంటరిగా, తీరిగ్గా తాగేవారికి మాత్రం నా సలహా మారదు.

మియాపూర్ వాసి:
పాల సంగతి ఏమిటండీ? మాకు నల్ల కాఫీ ఎవరూ తాగరు.

మల్కాజిగిరి మాస్టారు:
ఆ ధరలో చాలావాటికి ఆవిరి గొట్టమే ఉంటుంది, నురగ మీరే కట్టించాలి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన చిక్కటి పాలు వాడండి. అయిన వెంటనే గొట్టాన్ని తడిగుడ్డతో తుడిచి, ఒకసారి ఆవిరి వదలండి. ఆ కాఫీ తాగి వచ్చి చేద్దామనుకుంటే గొట్టం మీద ఎండిన పాలను గోకవలసి వస్తుంది.