ట్విస్టు కోసం సినిమా మనకి అబద్ధం చూపించొచ్చా? (స్పాయిలర్లు: పిజ్జా, సిక్స్త్ సెన్స్, విరూపాక్ష, ది అదర్స్)

లత_హనుమకొండ:

మా తమ్ముడు పట్టుబడితే తెలుగు డబ్బింగ్ "పిజ్జా" మళ్ళీ చూశాను. డెలివరీ కుర్రాడు మైకేల్ ఆ బంగళాలో టార్చిలైటుతో ఇరుక్కుపోయే భాగానికి ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి. చివరికొచ్చేసరికి అదంతా వజ్రాల కోసం అతను అల్లిన కథ అని తేలుతుంది. తమ్ముడు "అదిరింది కదక్కా" అంటాడు. నాకేమో ఒళ్ళు మండుతుంది. నేను భయపడింది నిజంగానే కదా! అంతసేపు తెర మీద చూపించిందే జరగకపోతే ఇక దేన్ని నమ్మాలి?

"సిక్స్త్ సెన్స్" (1999)లో బ్రూస్ విల్లిస్ పాత్ర ఎప్పుడో చనిపోయిందని తెలిసినప్పుడు ఈ కోపం రాలేదు. వెంటనే మొదట్నుంచీ మళ్ళీ చూడాలనిపించింది. అదీ మోసమే, ఇదీ మోసమే. తేడా ఎక్కడుంది? ట్విస్టు బాగుంది, బాలేదు అని వదిలేయకుండా సీన్లు పట్టుకుని చెప్పండి.

కట్_పాయింట్:

లత గారూ, నాది ఎడిటింగ్ పని. కాబట్టి షాట్ల సంగతే మాట్లాడతాను.

సిక్స్త్ సెన్స్‌లో పెళ్ళిరోజు హోటల్ సీన్ గుర్తుచేసుకోండి. మాల్కమ్ (బ్రూస్ విల్లిస్ వేసిన పిల్లల మానసిక డాక్టరు పాత్ర) ఆలస్యంగా వచ్చి భార్య ఎదురుగా కూర్చుంటాడు. కుర్చీ లాగడు, గమనించండి. కోల్ అనే పిల్లాడి గురించి చెప్పుకుంటూ పోతాడు, ఆమె నుంచి ఒక్క జవాబూ రాదు. బిల్లు వస్తుంది. ఇతను చెయ్యి చాపేలోపే ఆమె తీసేసుకుంటుంది. "హ్యాపీ యానివర్సరీ" అనేసి లేచి వెళ్ళిపోతుంది. ఇందులో ఒక్క ఫ్రేమూ అబద్ధం కాదు. మొగుణ్ణి పోగొట్టుకున్న ఆవిడ పెళ్ళిరోజున ఒంటరిగా భోంచేసింది, వాళ్ళు చూపించింది అంతే. లేటుగా వచ్చాడని అలిగిందనుకున్నది మనం.

ఇంకో సీన్ నాకు ఇంతకంటే ఇష్టం. కోల్ ఇంటికొచ్చేసరికి వాళ్ళమ్మా మాల్కమూ ఎదురెదురుగా కూర్చుని ఉంటారు. అప్పటికే వాళ్ళ మధ్య మాటలు అయిపోయాయని మనం అనేసుకుంటాం, ఎందుకంటే మనల్ని ఆ గదిలోకి ఆలస్యంగా తీసుకెళ్ళారు. ఇంకాస్త ముందు నుంచి చూపిస్తే గుట్టు రట్టయ్యేది. ఆమె లేచి కొడుకుతో మాట్లాడి, గంట టైముందని చెప్పి వెళ్తుంది. డాక్టరుతో ఒక్క మాటా ఉండదు. ఎక్కడ కట్ చెయ్యాలో తెలిసినవాడు డైలాగులో అబద్ధమాడక్కర్లేదు.

పిజ్జాలో అబద్ధమాడింది మైకేల్. హడలిపోయి తిరిగొచ్చి పిజ్జా షాపు ఓనరుకి చెప్పుకున్న కథనే మనమూ చూస్తాం. హిచ్‌కాక్ 1950లోనే "స్టేజ్ ఫ్రైట్"లో అబద్ధపు ఫ్లాష్‌బ్యాక్ పెట్టాడు. అది చెయ్యకూడని పనని తర్వాత ఫ్రెంచ్ దర్శకుడు ట్రూఫో దగ్గర తనే ఒప్పుకున్నాడు. కానీ పిజ్జా దర్శకుడు కార్తీక్ సుబ్బరాజ్ రెండు పనులు చేశాడు. మైకేల్‌తో ఉండే అను దెయ్యాల కథల పిచ్చిదని ముందే చూపించాడు, అంటే కథ అల్లే మనిషి మన కళ్ళముందే తిరుగుతోంది. ఇక చివర్లో మైకేల్‌ని నిజంగా దెయ్యమున్న ఇంట్లోకే పంపి తలుపు మూశాడు. మీ భయానికి బాకీ తీర్చాడనే నేనంటాను.

ఖమ్మం_రవి:

నా బాధ వేరు. అసలు ట్విస్టు కంటే దాని తర్వాతి సంజాయిషీయే మన సినిమాల్ని దెబ్బతీస్తోంది. "విరూపాక్ష" (2023)లో ఊళ్ళో వరస చావుల వెనకున్నది హీరోయిన్ నందినే అని తెలిసిన క్షణం గుండె జారింది. ఆ వెంటనే ఎవరు, ఎందుకు, ఎలా అని విప్పి చెప్పే ఫ్లాష్‌బ్యాక్ వచ్చి ఆ భయం మీద నీళ్ళు చల్లింది.

"ది అదర్స్" (2001)లో దర్శకుడు అమెనాబార్ ఏం చేశాడో చూడండి. ఆ ఇంట్లో దెయ్యాలు ఆ తల్లీపిల్లలేనని తేలే సీన్ అది, బతికున్నవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని ఆత్మల్ని పిలుస్తుంటారు. పిల్లలు "మేం చనిపోలేదు" అని అరుస్తారు. తల్లి నికోల్ కిడ్‌మన్ బల్లని ఊపేసి కాగితాలు చించేస్తుంది. అదే పని బతికున్నవాళ్ళ వైపు నుంచి చూస్తే అక్కడ ఆమె లేదు, కాగితాలే వాటంతటవి చిరుగుతున్నాయి. ఒక్క షాటు మారింది, కథ మొత్తం తిరగబడింది. ఫ్లాష్‌బ్యాక్ ఊసే లేదు.

లత_హనుమకొండ:

రవి గారూ, ఆ కాగితాల సంగతి సరిగ్గా పట్టుకున్నారు. నేనడిగిన తేడా అదే.

కట్_పాయింట్ గారూ, అను విషయంలో మీతో ఏకీభవిస్తాను. మిగతాది కాదు. మైకేల్ చెప్పింది ఓనరుకే అనుకుందాం. మరి ఆ బంగళాలో సంతోష్ నారాయణన్ నేపథ్య సంగీతం ఓనరుకి వినపడుతుందా? అది హాల్లో కూర్చున్న నా కోసం వేసింది. మైకేల్‌కి ఓనర్ని నమ్మించాల్సిన అవసరముంది, సరే. నన్ను నమ్మించడానికి దర్శకుడు కూడా అతని పక్కన చేరాడు. సిక్స్త్ సెన్స్ హోటల్ సీన్లో అలా ఎవరూ చేరలేదు, దూరంగా నిలబడి చూడనిచ్చారు. ఎడిటింగ్ రూమ్‌లో ఇలాంటి సీన్‌కి మ్యూజిక్ ఎంత వెయ్యాలన్నది ఎలా తేల్చుకుంటారో చెప్పండి, నాకు అది తెలుసుకోవాలనుంది.