గ్లెన్ పార్క్‌లో గ్యాంగ్ వార్ మొదలవడం లేదు, చివరి మిషన్ రావడం లేదు

ప్రశ్న: జీటీఏ శాన్ ఆండ్రియాస్ గేమ్ మళ్లీ మొదటి నుంచి ఆడుతున్నాను. ఊళ్లో అల్లర్లు మొదలయ్యాయి, లాస్ డెస్పెరాడోస్ మిషన్ కూడా అయిపోయింది. చివరి మిషన్ మాత్రం రావడం లేదు. గ్లెన్ పార్క్‌లో కారులో తిరుగుతూ శత్రు గ్యాంగ్ బల్లాస్‌ని ఎంతమందిని కాల్చినా, ఆ ఏరియా పట్టుకునే గ్యాంగ్ వార్ రాదు. సేవ్ ఫైల్ పాడైందంటారా?

జవాబు: ఫైల్‌కేం కాలేదు తమ్ముడూ, కారు దిగు. నేల మీద ఉండి, ఊదా రంగు బల్లాస్ వాళ్లని వెంటవెంటనే ముగ్గురిని చంపితేనే వార్ మొదలవుతుంది. తర్వాత మూడు విడతలుగా మీద పడతారు. మధ్యలో ఆ ఏరియా దాటి బయటికెళ్తే మళ్లీ మొదటికే. విడతకీ విడతకీ మధ్య హెల్త్, ఆర్మర్ పడతాయి, వెతుక్కుని తీసుకో. చివరి మిషన్ రావాలంటే గ్యాంగ్ ఏరియాల్లో 35 శాతం నీ చేతిలో ఉండాలి. స్టాట్స్‌లో గ్యాంగ్స్ పేజీ చూసుకుంటూ ఉండు.

ఇంకొకరు: మ్యాప్‌లో రంగు ముదురుగా ఉంటే అక్కడ మనుషులు ఎక్కువ. ముందు లేత రంగువి పట్టండి. రెస్పెక్ట్ పెరిగితే మన గ్యాంగ్ వాళ్లని ఏడుగురిని వెంటేసుకోవచ్చు, కానీ నా లెక్కలో వాళ్లు సాయం కన్నా అడ్డే ఎక్కువ. మన గురికి ఎదురొచ్చి చస్తారు. నేనైతే ఒక్కడినే మేడ ఎక్కి కాలుస్తా.

ప్రశ్న అడిగినవారు: దిగి ఆడితే వెంటనే వచ్చింది, థాంక్స్ అన్నా! గ్లెన్ పార్క్ మ్యాప్‌లో మన ఆకుపచ్చ అయింది. కానీ లాస్ ఫ్లోరెస్‌లో వాగోస్ గ్యాంగ్‌తో కొట్టుకుంటుంటే వెనక గాంటన్ ఎర్రగా మెరుస్తోంది. వదిలేస్తే పోతుందా?

జవాబు: పోతుంది. అది మన గ్యాంగ్ గ్రోవ్ స్ట్రీట్ ఉన్న పేటయ్యా, హీరో సీజే పుట్టిల్లు! వెళ్లి కాపాడుకో. ఓపిక లేకపోతే ఏదో ఒక ఇంట్లో సేవ్ చెయ్యి, దాడి ఆగిపోతుంది. చీటింగ్ అంటారు కొందరు, అననీ. ఎలాగూ అటు వెళ్తావు కాబట్టి సీజే ఇంటి ముందు ఉండే డబ్బు గుర్తు తీసుకో. ఎన్ని ఏరియాలు పట్టుకుంటే అంత ఎక్కువ డబ్బు.

ఇంకొకరు: గోడల మీది 100 గ్రాఫిటీలూ పూర్తి చేశావా? చేస్తే ఆ ఇంటి వంటగదిలోనే ఏకే-47 దొరుకుతుంది, తూటాలకి గన్ షాప్ ఖర్చు తప్పుతుంది. అన్నట్టు, గాంటన్‌ని లాస్ ఏంజెలిస్ పక్కనున్న కాంప్టన్ చూసి కట్టారు. గేమ్‌లోని ఆ అల్లర్లకీ 1992లో అక్కడ నిజంగా జరిగినవే మూలం.

ప్రశ్న అడిగినవారు: గ్రాఫిటీలు 61 దగ్గర ఆపేశాను. ముందు 35 శాతం చూస్తా.