కేసీ కాలువలో మళ్లీ పడవలు, గట్టు మీద నడకదారి: కావాలా, వద్దా?

గట్టు నడక (కర్నూలు):
కర్నూలు ఊళ్లో పారే కేసీ (కర్నూలు-కడప) కాలువను బాగుచేసి పడవలు తిప్పాలని, గట్టు మీద నడకదారి వేయాలని మేం కొంతమందిమి కలెక్టరుకు అర్జీ రాస్తున్నాం. హంద్రీ నది మీదుగా కాలువను దాటించే అక్విడెక్టు నుంచి వినాయక ఘాట్ దాకా పని జరగాలన్నది మా కోరిక. సంతకాలు పెట్టే ముందు ఇక్కడ నలుగురి మాటా వినాలని రాస్తున్నా.

ఈ కాలువ తవ్విందే సాగుకూ పడవలకూ కలిపి. మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ 1863లో పని మొదలుపెట్టింది. సుంకేసుల ఆనకట్ట దగ్గర తుంగభద్రను మళ్లించి కడప దాకా, సుమారు 306 కిలోమీటర్లు. 1882లో సర్కారు కొనేసింది. 1933 నుంచి పడవలు పూర్తిగా పోయి ఒట్టి సాగు కాలువ అయింది. అంతటి కాలువ మన ఇంటి ముందు నుంచి పోతుంటే మనం దాన్ని మురుక్కాలువ చేసుకున్నాం. నిమజ్జనం మర్నాడు ఘాట్‌కు వెళ్లి చూడండి. ఇనుప చువ్వలు, గడ్డి, రంగు వదిలిన బంకమన్ను మెట్ల మీద అట్టే పడి ఉంటాయి. దానికి కొంచెం కిందనే ఒక పైపు నుంచి నల్లటి మురుగు నురగలు కక్కుతూ కాలువలో కలుస్తుంది. అక్కడ మనుషులు నడుస్తూ ఉంటే, పడవలు తిరుగుతూ ఉంటే ఆ పైపు ఎన్నాళ్లు ఉంటుంది? ఎవరూ చూడని చోటే చెత్త పడుతుంది. నా వాదన ఇదే.

హంద్రీ ఒడ్డు:
మంచి ఆలోచన. నా సంతకం రాసుకోండి.

చివరి తూము (చాపాడు పక్క):
నా సంతకం మాత్రం లేదప్పా. మీది కాలువకు ఆ కొస, మాది ఈ కొస. మీ ఊరు దాటి, లాకిన్‌సుల దాటి, నిప్పులవాగులో పడి, సంతజూటూరు ఆనకట్ట దాటి, కుందూలో కలిసి, రాజోలి ఆనకట్ట కాడికొచ్చినాకగానీ మా మడికి నీళ్లు రావు. కేసీ కింద ఆయకట్టు రెండు లక్షల అరవై అయిదు వేల ఎకరాలు. అందులో కొస ఎకరాలు మావి. వరి పొట్టకొచ్చిన టయానికి ఒకసారి నీళ్లు నిలిపేసినారు. ఆఫీసుకు పోతే ఒకాయన కుర్చీలోంచి లేవకుండానే 'పైనుంచి రాలేదు' అన్యాడు. ఇంకొక్క తడి తగిలుంటే గింజ గట్టిపడేది. తాలు కోసుకొని ఇంటికొచ్చినాం. ఈ కథ మాకు ఏటేటా ఉండేదే. ఇప్పుడు మీరు పడవలంటాండారు. పడవకు నీళ్లు నిలబెట్టాల గదా. యాడివి నిలబెడతారు?

గట్టు నడక:
అన్నా, పడవ నీళ్లు తాగదు. నీళ్లు దాని కింద నుంచి పారుతూ మీ దగ్గరికే వస్తాయి. మీ వాటాలో ఒక్క చుక్క మేం అడగడం లేదు.

చివరి తూము:
తాగదు, నిలబెడుతుంది. మాకు రెండూ ఒకటే.

పాత ఓవర్సీరు:
ఈ కాలువ మీద ఉద్యోగం చేసి రిటైరైన వాణ్ణి. 'పడవ నీళ్లు తాగదు' అన్నది సగం నిజం. పడవ నడవాలంటే నీళ్లు పారితే చాలదు, మట్టం ఒకే తీరుగా ఉండాలి. సాగు కాలువలో మట్టం పూటకో తీరుగా ఉంటుంది. సుంకేసుల దగ్గర షట్టరు దించితే ఇక్కడ లైనింగు (కాలువ లోపలి సిమెంటు పూత) అడుగు కనబడేదాకా దిగిపోతుంది. మట్టం పట్టాలంటే ఊరి కింద అడ్డం వేయాలి. అడ్డం వేస్తే పైన నీరు ఎక్కుతుంది, గట్టు బలహీనంగా ఉన్నచోట ఊట మొదలవుతుంది. గట్టు తెగితే అర్ధరాత్రి ఇసుక బస్తాలు మోసేది మాలాంటివాళ్లే.

ఆ రోజుల్లో ఈ సంగతి తెలిసే లాకులు, అంటే మట్టం తేడా ఉన్నచోట పడవను ఎక్కించి దించే తలుపుల గదులు, కట్టారు. నా సెక్షన్‌లో ఒక పాత లాకు ఉండేది. రెండు రాతిగోడలు, తలుపులు కూర్చునే గాళ్లు, అంతే మిగిలింది. గాళ్లలో రావిమొక్కలు మొలిచేవి, ఏడాదికోసారి పీకించేవాళ్లం. కొత్తగా కట్టిన వంతెనల కింద నీళ్లు నిండుగా ఉన్నప్పుడు మనిషి తల పట్టేంత ఖాళీ కూడా లేని చోట్లు ఉన్నాయి. ముందు వంతెనలు ఎత్తాలి, ఆ తర్వాత పడవ మాట.

ఇంకోటి కూడా చెప్పాలి. కంపెనీ పడవల మీద డబ్బు చేసుకోలేదు. పది లక్షల పౌండ్ల పెట్టుబడికి సర్కారు నూటికి అయిదు వడ్డీ హామీ ఇచ్చింది, దాని మీదనే బతికింది. నల్లరేగడి రైతులు మొదట్లో నీళ్లు తీసుకోవడానికే ఇష్టపడలేదు. మెట్ట పైర్లకు అలవాటు పడిన నేల, తడి పెడితే జొన్న ఏమవుతుందోనని భయం. సాగూ రాక, సరుకూ రాక కంపెనీ చేతులెత్తేసింది. కాబట్టి 'పూర్వం పడవలు తిరిగాయి, మళ్లీ తిరగాలి' అనడం నాకు సరిగా తోచదు.

గట్టు నడక:
సార్, మీ అనుభవానికి దండం. అయితే కంపెనీ లాభం మాకెందుకు? మేం సరుకు రవాణా అడగలేదు. సాయంత్రం పూట పిల్లల్ని ఎక్కించుకొని ఒక కిలోమీటరు తిప్పే చిన్న పడవలు. వాటికి లాకులు అక్కర్లేదు. వంతెనలకు మధ్యన ఉన్న నిడివిలోనే తిరుగుతాయి.

పాత ఓవర్సీరు:
ఒక కిలోమీటరుకైనా మట్టం కావాలి.

నంద్యాల వాసి:
కాలువలో పడిన బర్రె పైకి రాలేకపోవడం నా కళ్లారా చూశా. లైనింగు నున్నగా ఉంటుంది, కాలు ఆనదు. నడకదారి వేసేముందు రెయిలింగూ మెట్లూ వేయమని రాయండి. పిల్లలు పడితే ఎవరు తీస్తారు?

గట్టు నడక:
తప్పకుండా రాస్తాం. ఇలాంటి మాటలే కావాలి.

అనంతపురం బిడ్డ:
కేసీ రైతులు మాత్రమే నష్టపోయినట్టు రాస్తున్నారు. తుంగభద్ర డ్యాం నుంచి కేసీకి ఉన్న 10 టీఎంసీలను మా పెన్న అహోబిలం రిజర్వాయరు (పీఏబీఆర్)కు ఇస్తామని, బదులు కేసీకి శ్రీశైలం నీళ్లు ఇస్తామని చెప్పారు. ఇప్పటికీ మాకు ఆ నీళ్ల కోసం ప్రతి ఏడూ కొట్లాటే.

చివరి తూము:
చూసినావా తమ్ముడూ, ఇదే నేను చెప్పేది. కాగితం మీద కేసీకి 39.9 టీఎంసీలు. దాంట్లో పది అటు పాయె. డ్యాంలో పూడిక నిండి 133 టీఎంసీల డ్యాం 105 టీఎంసీల కాడికి దిగింది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకపోయినప్పుడు నీళ్లు నదిలోకి పోతాంటే టీవీలో చూచ్చా కూచున్యాం. మా వాటా తలా ఒకరు కొరుక్కుంటా వచ్చాండారు. దాంట్లో మీ పడవలొకటి. నిలబెట్టే నీళ్లకు ఒక పేరు పెడతారు, రేపు ఆ పేరు మీద వాటా అడుగుతారు. అడగరని రాసిచ్చేదెవరు?

గట్టు నడక:
అన్నా, మీరు అన్నిటికీ వాటా వాటా అంటే ఏ ఊళ్లోనూ ఏ మంచి పనీ జరగదు. మా ఊళ్లో కాలువ బాగుపడితే మీకే మంచి నీళ్లు వస్తాయి. మా మురుగే కదా మీకు కలుస్తోంది!

చివరి తూము:
మురుగు కలిపేది మీరు, దాన్ని ఆపడానికి పడవలు గావాల్నా? పైపు మూస్తే సరిపాయె గదా! పడవలు లేకుండా పైపు ముయ్యలేరా మీరు?

గట్టింటి కోడలు:
ఇన్ని మాటల్లో మా మాట ఎవరూ ఎత్తలేదు. గట్టు మీద నడకదారి వేస్తారు సరే, గట్టు మీద ఉన్నోళ్లం ఎక్కడికి పోవాలన్నా? నేను పెళ్లయి వచ్చినప్పటి నుంచి గట్టు మీదింట్లోనే ఉన్నా. వెనకాల తలుపు తీస్తే కాలువే. బట్టలుతికేది అక్కడే, బర్రెల్ని కడిగేది అక్కడే. ఈ మధ్య ఎవరో వచ్చి మా గోడ మీద ఎర్ర రంగుతో ఒక గీత, ఒక నంబరు వేసిపోయారు. ఏంటని అడిగితే చెప్పలేదు. మీ అర్జీ వల్లేనా?

గట్టు నడక:
అక్కా, మా అర్జీ ఇంకా ఇవ్వనే లేదు. కానీ ఒక మాట మొహమాటం లేకుండా చెప్తా. గట్టు కాలువది. అది ఆక్రమణ. పూడిక తీయాలన్నా, గట్టు గట్టిపరచాలన్నా యంత్రం పోవడానికి దారి కావాలి. 2009 అక్టోబరులో ఊరంతా మునిగినప్పుడు ఏమైందో అందరం చూశాం. ఇళ్లు ఉంటే గట్టు బాగు చేయలేం.

గట్టింటి కోడలు:
ఆక్రమణ అన్నారు. మా మామ ఊరు శ్రీశైలం డ్యాంలో మునిగింది. 1981లో ఇళ్లు కూల్చి పంపించేశారు. చేతిలో ఇంత పరిహారం పెట్టారు, అది బాకీలకే సరిపోయింది. భూమి పోయినోళ్లు కర్నూలొచ్చి కూలి చేసుకుంటా ఈ గట్టు మీద గుడిసె వేసుకున్నారు. అప్పుడు ఎవరూ ఆక్రమణ అనలేదు. కరెంటు ఇచ్చారు, రేషను కార్డు ఇచ్చారు, ఓటు రాసుకున్నారు. మా ఊరు ముంచిన నీళ్లే పోతిరెడ్డిపాడు తూముల నుంచి బానకచర్ల మీదుగా మీ కేసీ కాలువలోకి వస్తాయి. ఆ నీళ్ల కోసమే కదా ఇక్కడ ఇంత కొట్లాట. ఒక ఊరు ఇచ్చేశాం. మీ నడకదారికి ఇంకో ఇల్లు కూడా ఇవ్వాలా?

హంద్రీ ఒడ్డు:
అమ్మా, మీరన్నది నిజం. నా సంతకం ఆపుతున్నా. ముందు ఈ ఇళ్ల సంగతి తేలనీ.

చివరి తూము:
అక్కా, ఆ నీళ్లు పారే పొలం మాది. శ్రీశైలం మునిగినోళ్ల పేరు మేం ఏనాడూ తలుచుకోలేదు. నీ గోడ మీద నంబరు పెట్టినోళ్లను ముందు అడగాల, పడవల మాట తర్వాత.

గట్టు నడక:
నన్ను అందరూ కలిసి ఇళ్లు కూల్చేవాడిని చేస్తున్నారు. నేను అడిగింది నడవడానికి ఇంత చోటు. మా నాన్నకు గుండె ఆపరేషన్ అయ్యాక రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. ఈ ఊళ్లో నడిచే చోటు చూపించండి! రోడ్డు మీద ఆటోలు, పక్కన బండ్లు. ఆయన కాలువగట్టు ఎక్కితే కుక్కలు, ముళ్లు, మురుగు. అందరికీ తమ తమ కష్టం ఉంది, నా కష్టం మాత్రం లెక్కలోకి రాదా? పడవలు వద్దంటే వద్దు. గట్టు మాత్రం వదలను.

పాత ఓవర్సీరు:
ఇప్పుడు మాట తేలింది. మీ గొడవ పడవల గురించి కాదు, గట్టు గురించి. ఎవరి గట్టు అన్నదే ప్రశ్న. డిపార్ట్‌మెంటు లెక్కలో అది డిపార్ట్‌మెంటుది. నేను సర్వీసులో ఉన్నప్పుడు గట్టు మీద ఇల్లు కట్టొద్దని నోటీసులు ఇచ్చేవాళ్లం. మళ్లీ మేమే ఆ ఇంటి గడప మీద కూర్చుని మంచినీళ్లు తాగేవాళ్లం. గట్టు మీద మనుషులుంటే ఒక ఉపకారం కూడా ఉంది. ఊట మొదలైతే రాత్రికి రాత్రి లస్కరుకు (కాలువ కాపలాదారుకు) చెప్పింది వాళ్లే. ఇళ్లు లేని చోట తెల్లారాక తెగిపోయిన గట్టు చూడాల్సి వచ్చేది. కాబట్టి ఒకవైపు గట్టు యంత్రాలకూ నడకకూ విడిచి, రెండో వైపు ఇళ్లు ఉన్నచోట రక్షణగోడ కట్టి ఉంచవచ్చు. ఊళ్లో కొంతమేర అది సాధ్యమే. అన్నిచోట్లా కాదు.

గట్టింటి కోడలు:
మా వైపు గట్టు ఏ లెక్కలోకి వస్తుంది సార్? యంత్రాలకా, ఇళ్లకా?

పాత ఓవర్సీరు:
చూడకుండా చెప్పలేనమ్మా. కాలువ బంద్ చేసిన రోజుల్లో వచ్చి చూస్తా.

గట్టు నడక:
సార్ చెప్పినట్టు ఒకవైపు గట్టుకే అర్జీ మారుస్తా. ఆ వైపు ఇళ్లుంటే, ఊళ్లోనే వేరే ఇల్లు ఇచ్చేదాకా పని మొదలుపెట్టొద్దని రాస్తా. పైపుల సంగతి మొదటి లైనులో పెడతా. కానీ పడవల మాట కొట్టేయను. నీళ్లు నిండుగా వచ్చే ఆగస్టు నుంచి నవంబరు దాకా, అడ్డం వేయకుండా, పారే నీళ్ల మీదే తిరుగుతాయని రాస్తా. అన్నా, దీనికైనా ఒప్పుకుంటారా?

చివరి తూము:
ఆ నాలుగు నెల్లే తమ్ముడూ మాకు వరి ఉండేది. సుంకేసుల కాడ రోజూ నీటిమట్టం రాసే గేజీ రిజిస్టరు తెప్పించుకొని చూడు. ఆ నాలుగు నెలల్లో నిండుగా పారిన రోజులెన్నో, మా కాడికి చేరిన రోజులెన్నో రెండూ రాసి పెట్టు. అప్పుడు మాట్లాడదాం. పైపులు మూయమనే కాగితం మీద మాత్రం ఇప్పుడే సంతకం పెడతా, పంపించు.