అప్‌డేట్: తంత్రం మొదలుపెట్టాను, ఊపిరితో

నెల కిందట "తంత్రమంటే చేతబడేనా? ఇంట్లో ధ్యానంగా చేసుకోవచ్చా?" అని అడిగాను కదా. మీలో ఒకరు చెప్పినట్టే విజ్ఞాన భైరవం అనే తంత్ర గ్రంథం పట్టుకున్నాను. కాశ్మీర శైవులది, భైరవి అడుగుతుంది, భైరవుడు చెప్తాడు. మొత్తం 112 ధారణలు, అంటే మనసు నిలిపే పద్ధతులు. చేతబడి కాదు, అంతా ధ్యానమే.

నేనింకా మొదటిదే దాటలేదు. ఊపిరి లోపలికెళ్లి మళ్లేచోట, బయటికొచ్చి మళ్లేచోట మనసు నిలపాలి. వినడానికి ఎంత తేలికో! నాలుగో ఊపిరికే కరెంటు బిల్లు గుర్తొస్తుంది. నిన్న మాత్రం కుక్కర్ మూడో కూత వేసేదాకా టైమే తెలీలేదు.

"మూడు రోజుల్లో కుండలిని లేపుతాం" అన్న క్లాసుకు కట్టిన అడ్వాన్సు పోయినట్టే. అమ్మకి ఇంకా చెప్పలేదు. మంత్రదీక్ష అంటారా, గురువు దొరికేదాకా దాని జోలికి వెళ్లను.